జడ్జిని ఎంచే గదికి కిటికీలేవి?

2016 జూన్ 26, ఆదివారం. గన్‌పార్క్ అమరవీరుల స్తూపం దగ్గర గుమిగూడినోళ్లు విద్యార్థులు కాదు, ఎన్జీవోలు కాదు, ఆర్టీసీ కార్మికులు కాదు. జడ్జీలు! సకల జనుల సమ్మె కాలంలో కూడా కనపడని దృశ్యం అది. వందమందికి పైగా న్యాయాధికారులు అక్కడి నుంచి రాజ్‌భవన్ దాకా నడిచి గవర్నర్‌కు వినతిపత్రం ఇచ్చారు. కింది కోర్టుల న్యాయాధికారులను రెండు రాష్ట్రాలకు పంచుతూ ఉమ్మడి హైకోర్టు ఇచ్చిన తాత్కాలిక జాబితా తప్పుల తడక అని, ఆంధ్రప్రాంత స్థానికత ఉన్నోళ్లను పెద్ద సంఖ్యలో తెలంగాణకు కేటాయించారని వాళ్ల ఫిర్యాదు. మర్నాడు ఇద్దరిని సస్పెండ్ చేశారు. ఆ మరునాడు ఇంకో తొమ్మిది మందిని. మొత్తం పదకొండు. రెండు వందల మంది దాకా జడ్జీలు మూకుమ్మడి సెలవు పెట్టారు. ఊరూరా వకీళ్లు కోర్టులు బహిష్కరించారు. కోర్టు ఉద్యోగులూ సమ్మెకు దిగారు. తర్వాత సస్పెన్షన్లు ఎత్తేశారు, జాబితా మీద పునరాలోచన జరిగింది, కథ అక్కడికి సద్దుమణిగింది.

ఆ రోజుల్లో అందరం ఒక్క మాటనే పట్టుకున్నాం: "మా జడ్జీలు మాకు కావాలె." ఆ మాట న్యాయమైందే. కానీ ఆ గొడవలో ఇంకో మాట ఉండెను, దాన్ని మనం గట్టిగా పట్టుకోలేదు. జాబితా ఏ లెక్కన తయారైంది? సీనియారిటీ ఎంత, ఆప్షన్ ఎంత, స్థానికత ఎంత? ఎవరు కూర్చుని, ఏ కాగితం చూసి, ఎవరి పేరు ఎటు రాశారు? తీర్పు చెప్పేటోళ్లే తమ సంగతి ఎట్ల తేలిందో తెలియక రోడ్డెక్కాల్సి వస్తే, మామూలు కక్షిదారుని గతేంది? రాష్ట్రం వచ్చింది. హైకోర్టు వచ్చింది. ఆ ప్రశ్నకు మాత్రం ఇయ్యాల్టికీ పూర్తి జవాబు రాలేదు.

జడ్జీల ఎంపిక అనంగనే ఇది వకీళ్ల పంచాయితీ, మనకెందుకని పేజీ తిప్పేసే ఉద్యోగ మిత్రులకు, విద్యార్థి తమ్ముళ్లకు చిన్న చరిత్ర గుర్తు చేయాలె. మన కొలువుల చరిత్ర మొత్తం కోర్టుహాళ్లలోనే నడిచింది. ముల్కీ నిబంధననే తీసుకోండి. స్థానికులకే కొలువులని చేసిన 1957 నాటి చట్టంలోని నివాస నిబంధనను 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. బయట తెలంగాణ పోరగాళ్లు తుపాకులకు ఎదురు నిలబడుతున్న రోజులవి. 1972 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముల్కీ నిబంధనలే చెల్లవన్నది. అదే ఏడు అక్టోబర్ 3న సుప్రీంకోర్టు, కాదు చెల్లుతాయన్నది. నిబంధన ఒకటే, మనుషులు ఒకటే, తీర్పులు మూడు తీర్లు. ఆ మూడున్నరేళ్లలో డిగ్రీ చదివి బయటికొచ్చిన ఒక తరం బతుకు ఊగిసలాడింది. మళ్లా 2009 అక్టోబర్ 9న పోలీసు కొలువులకు సంబంధించి హైదరాబాద్ ఫ్రీజోన్ అని తీర్పొచ్చింది. 14ఎఫ్ అన్న రెండక్షరాలు ప్రతి హాస్టల్ గదిలో మారుమోగినయి. సిద్దిపేట గర్జన, నిరాహార దీక్ష, డిసెంబర్ 9 ప్రకటన, అన్నీ ఆ తీర్పు తర్వాత రెండు నెలల్లో జరిగినవే. జడ్జి ఎవరన్నది మనకు సంబంధం లేని సంగతా?

తాండూరోళ్లకైతే ఈ సంగతి చెప్పనక్కర్లేదు. 1967లో తాండూరు నుంచి శాసనసభకు గెలిచిన మర్రి చెన్నారెడ్డి ఎన్నిక చెల్లదని వందేమాతరం రామచంద్రరావు కోర్టుకెక్కారు. 1968లో హైకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. అప్పటికి చెన్నారెడ్డి ఢిల్లీలో ఉక్కు గనుల మంత్రి. ఆ పదవి పోయింది. అదే ఏడు డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పును ఖాయం చేసింది. ఆరేళ్లు పోటీకి అనర్హుడయ్యారు. ఆ తర్వాతనే ఆయన 1969 ఉద్యమంలోకి వచ్చింది, తెలంగాణ ప్రజాసమితి పగ్గాలు పట్టింది. 1971లో సమితి పది లోక్‌సభ సీట్లు గెలిచినా తాను పోటీ చేయలేకపోయింది ఈ తీర్పు వల్లనే. తీర్పు తప్పని మేమనడం లేదు. తాండూరు ఓట్లపెట్టె మీద చెప్పిన ఒక్క తీర్పు తెలంగాణ రాజకీయాన్ని మలుపు తిప్పిందని మాత్రమే అంటున్నాం. అంత బరువు మోసే కుర్చీలో మనిషిని కూర్చోబెట్టే పద్ధతి నలుగురికీ కనబడాలా, వద్దా?

సాధించుకున్నది తక్కువేం కాదు. 2014 విభజన చట్టం ఉమ్మడి హైకోర్టును అట్లనే ఉంచితే నాలుగున్నరేళ్లు కొట్లాడి, 2018 డిసెంబర్ 26న రాష్ట్రపతి ఉత్తర్వు తెప్పించుకుని, 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టును మనం చూసుకున్నాం. 24 మంది జడ్జీల మంజూరు సంఖ్య 2021 జూన్‌లో 42కు పెరిగింది. 2022 జూన్ 2న 23 కొత్త జ్యుడీషియల్ జిల్లాలు వచ్చి మొత్తం 33 అయినయి. వికారాబాద్‌కు సొంత జిల్లా న్యాయస్థానం దక్కింది. అంతకుముందు జిల్లా ప్రధాన న్యాయస్థానం అంటే ఎల్బీనగరే. తాండూరు నుంచి ఒక పేషీకి పోవాలంటే పొద్దుగాల రైలెక్కి, నాంపల్లిలో దిగి, పట్నం ఆ కొస నుంచి ఈ కొసకు సిటీబస్సుల్లో దాటి, తీరా పోయినంక "వాయిదా" అన్న మాట విని తిరుగుముఖం పట్టాలె. భూమి తగాదాలో ఉన్న రైతు, రోడ్డు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఇట్ల తిరిగి తిరిగి రాజీకి ఒప్పుకున్న సందర్భాలు ఏ వకీలునడిగినా చెప్తారు. ఆ గోస కొంత తీరింది. సంతోషమే.

అయితే కోర్టు దగ్గరికొచ్చింది గానీ, కోర్టులో కూర్చునే మనిషిని ఎంచుకునే పద్ధతి మనకు అంగుళం కూడా దగ్గరికి రాలేదు. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ నది పట్నంలో హైకోర్టు గోడల పక్క నుంచే పారుతది. మన గుట్టల నీళ్లు అంతదూరం పోయినయి. మన బార్‌లో నల్లకోటు వేసుకుని ఇరవై, ముప్పయి ఏళ్లు వాదించిన వకీలు పేరు మాత్రం ఆ గోడలు దాటి హైకోర్టు జడ్జీల పేర్లు పరిశీలించే గదిదాకా ఎందుకు పోదు?

పద్ధతి ఎట్లుంటదో చూద్దాం. రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం పదేళ్లు హైకోర్టులో వకాల్తు చేసినోళ్లు, లేదా పదేళ్లు న్యాయాధికారిగా పనిచేసినోళ్లు హైకోర్టు జడ్జి కావచ్చు. అర్హత అంతవరకే రాసి ఉంది. పేరు ఎవరు తేవాలె? హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాతి ఇద్దరు సీనియర్లు. దీన్నే హైకోర్టు కొలీజియం అంటారు. వాళ్లు పంపిన పేరు మీద రాష్ట్ర ప్రభుత్వం అభిప్రాయం చెప్తది, ఇంటెలిజెన్స్ బ్యూరో ఆరా తీస్తది, కేంద్ర న్యాయశాఖ ఫైలు తిప్పుతది, సుప్రీంకోర్టులో పెద్ద జడ్జీలు ముగ్గురు చూసి సరే అంటే రాష్ట్రపతి సంతకం. ఎక్కడా దరఖాస్తు ఉండదు. ప్రకటన ఉండదు. "ఇన్ని ఖాళీలున్నాయి, అర్హులు పేర్లివ్వండి" అని ఏ బార్ అసోసియేషన్ నోటీసు బోర్డు మీదా కాగితం అంటించరు. గ్రామ పంచాయతీ కార్యదర్శి కొలువుకు నోటిఫికేషన్ ఉంది, హాల్‌టికెట్ ఉంది, కీ ఉంది, కీ మీద అభ్యంతరాలకు గడువు ఉంది. హైకోర్టు జడ్జి కొలువుకు ఇవేవీ లేవు.

పైగా ఆ ముగ్గురిలో పెద్దాయన ఎప్పుడూ వేరే రాష్ట్రం నుంచే వస్తారు. ప్రధాన న్యాయమూర్తి బయటివారై ఉండాలన్నది దేశమంతటా ఉన్న విధానం, దాని వెనుక ఉద్దేశం మంచిదే. కానీ మన హైకోర్టులో 2019 నుంచి 2025 దాకా ఏడుగురు ప్రధాన న్యాయమూర్తులు మారారు. మొదటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ టి.బి. రాధాకృష్ణన్ మూడు నెలలకే కలకత్తా పోయారు. జస్టిస్ హిమా కోహ్లి, ఈ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి, ఎనిమిది నెలలు కూడా ఉండలేదు. వాళ్ల సామర్థ్యం గురించి మాట్లాడటం లేదు. పది నెలలు, ఏడాది ఉండిపోయే మనిషికి తాండూరు ఏంది, తాండూరు బార్‌లో ఎవరు మంచోడు, వికారాబాద్ కోర్టులో ఏ ఆడబిడ్డ బీదోళ్ల కేసులు ఫీజు తీసుకోకుండా వాదిస్తదో ఎట్ల తెలుస్తది? హైకోర్టు హాళ్లలో రోజూ కండ్ల ముందు నిలబడేటోళ్లే తెలుస్తారు. ప్రభుత్వ న్యాయవాదులు, పెద్ద కంపెనీల వకీళ్లు, పెద్ద ఆఫీసుల జూనియర్లు. కనబడేటోడే అర్హుడైతున్నడు. జిల్లా బార్ కండ్లకే ఆనదు.

దేశం లెక్క చూస్తే కథ ఇంకా స్పష్టమైతది. 2018 నుంచి 2022 దాకా హైకోర్టులకు వేసిన ఐదు వందల పైచిలుకు జడ్జీల్లో సుమారు 79 శాతం జనరల్ వర్గాలవాళ్లేనని కేంద్ర న్యాయశాఖే పార్లమెంటరీ సంఘానికి చెప్పింది. బీసీలు 11 శాతం దగ్గర. దళితులు మూడు శాతం లోపు. గిరిజనులు ఒకటిన్నర శాతం కూడా లేరు. లంబాడ తండాలు నిండుగ ఉన్న మన పరిగి, కొడంగల్, తాండూరు ప్రాంతం నుంచి చూస్తే ఈ అంకెలు ఎట్ల కనబడతాయో విడమర్చి చెప్పాల్నా? 2024 నవంబర్ 11న లగచర్లలో అధికారుల మీద దాడి జరిగిందన్న కేసుల్లో తండావాసులు జైలుకు పోయి, బెయిలొచ్చేదాకా నెల దాటింది. అందులో ఒక రైతును బేడీలేసి ఆస్పత్రికి తీసుకుపోయిన ఫొటో రాష్ట్రమంతా చూసింది. కేసు సంగతి కోర్టు తేలుస్తది. కానీ ఆ రైతు భాష, ఆ రైతు భయం తెలిసిన మనిషి బెంచీ మీద ఉండే అవకాశం నూటికి ఒకటిన్నర కూడా లేదన్నది మాత్రం కోర్టుతో పనిలేకుండానే తేలిన లెక్క.

ఈ తలుపు మూసింది ఎవరు? చరిత్ర రెండు ముక్కల్లో. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో సుప్రీంకోర్టు నియామకాల్లో ప్రభుత్వానిదే పైచేయి అన్నది. ఎమర్జెన్సీలో సీనియర్లను తొక్కి తమవాళ్లను అందలమెక్కించిన సర్కారు చేతికి అంత అధికారమా అని భయం పుట్టింది. ఆ భయం నిజమైందే. 1993లో సుప్రీంకోర్టు తన తీర్పును తానే తిరగరాసి కొలీజియాన్ని సృష్టించింది, 1998లో దానికి ఇప్పటి రూపమిచ్చింది. సర్కారు గుప్పిట్లో నుంచి బయటపడ్డది గానీ జడ్జీల గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. 2014లో పార్లమెంటు 99వ రాజ్యాంగ సవరణతో జాతీయ న్యాయ నియామకాల కమిషన్ తెచ్చింది: ముగ్గురు జడ్జీలు, న్యాయమంత్రి, ఇద్దరు ప్రముఖులు. ఏ ఇద్దరు కాదన్నా పేరు ఆగిపోతది. 2015 అక్టోబర్ 16న సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు చీలి దాన్ని కొట్టేసింది.

ఆ ఒక్కరు జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఆయన మన ప్రాంతపాయన కాదు. కృష్ణా జిల్లా మనిషి. అయితేనేం? కొలీజియం ఏం చేస్తున్నదో జనానికి తెలియదన్న మాటను బెంచీ మీదినుంచి రాసిన ధైర్యం ఆయనది. రాసి ఊరుకోలేదు. 2016లో, ఇక్కడ మన జడ్జీలు రోడ్డెక్కిన ఏడాదే, అక్కడ ఆయన కొలీజియం సమావేశాలకు పోనని భీష్మించారు. ఎవరేమన్నారో మినిట్స్ రాయండి, అప్పుడొస్తానన్నారు. 2018 జనవరి 12న ఆయన ఇంటి పచ్చికలోనే నలుగురు సుప్రీంకోర్టు జడ్జీలు విలేకరుల ముందు కూర్చున్నారు. అన్యాయం చేసినోడు అవతలి ప్రాంతం వాడు, న్యాయం అడిగేటోడు మన ప్రాంతం వాడు అని గీత గీసుకుని కూర్చుంటే ఈ పోరాటం ముందుకు పోదు. ఇది ప్రాంతం ప్రశ్నగా మొదలైంది నిజమే. కానీ మనోడే లోపలికి పోయి అదే గడియ పెట్టుకుంటే మనకు ఒరిగేదేముంది?

గడియ కొంచెం కొంచెం సడలుతున్న మాట వాస్తవం. 2017 అక్టోబర్‌లో కొలీజియం తీర్మానాలను జనం ముందు పెట్టాలని నిర్ణయించారు. కొంతకాలం కారణాలతో సహా వచ్చినయి, కొంతకాలం ఉత్త పేర్లే వచ్చినయి. 2018 డిసెంబర్ 12న జరిగిన సమావేశంలో ఏం నిర్ణయించారో ఇప్పటికీ బయట పెట్టలేదు. నెల తిరగకుండా ఒక సభ్యుడు రిటైరయ్యారు, 2019 జనవరిలో వేరే పేర్లు వచ్చినయి. సమాచార హక్కు కింద ఆ కాగితం అడిగితే, తుది తీర్మానం కానిది ఇవ్వక్కర్లేదని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టే తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం సమాచార హక్కు చట్టం కిందికే వస్తదని 2019 నవంబర్ 13న చెప్పింది కూడా ఇదే కోర్టు. తలుపు తెరిచి ఉంది కానీ లోపలికి చూడొద్దన్నట్టుంది వ్యవహారం.

రహస్యపు కాగితాల రుచి తెలంగాణకు కొత్త కాదు. శ్రీకృష్ణ కమిటీ ఎనిమిదో అధ్యాయం మీకు యాది ఉండే ఉంటది. మన భవిష్యత్తు గురించే రాసి, మనకే చూపించకుండా సీల్డ్ కవరులో పెట్టారు. దాన్ని బయట పెట్టాలని 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఆదేశించినప్పుడు ఈ గడ్డ మీద ఎంత ఊరట కలిగిందో అప్పటి ఉద్యమకారులకు ఎరుకే. సర్కారు కవరు విప్పమని అడగడం న్యాయమైనప్పుడు, కోర్టు కవరు విప్పమని అడగడం కోర్టు ధిక్కారం ఎట్లయితది?

2025 మే నెలలో మాత్రం సుప్రీంకోర్టు ఒక మంచి పని చేసింది. జడ్జీల ఆస్తుల వివరాలతో పాటు, 2022 నవంబర్ నుంచి హైకోర్టులకు ఎవరెవరి పేర్లు ఆమోదించారు, వాళ్లు ఏ వర్గం నుంచి వచ్చారు, పదవిలో ఉన్న లేదా రిటైరైన జడ్జీలకు బంధువులా కాదా అన్నది పట్టిక వేసి పెట్టింది. బంధుత్వం అన్న గడి పెట్టడమే పెద్ద సంగతి. అంటే ఇంతకాలం జనం గుసగుసలాడుకున్నది ఉత్త గాలి మాట కాదని ఒప్పుకున్నట్టే కదా! కానీ అది ఎంపికైనోళ్ల పట్టిక. పక్కన పెట్టినోళ్లను ఎందుకు పెట్టారన్నది అందులో లేదు.

కొలీజియాన్ని తిట్టి సర్కారును మెచ్చుకునే ఉద్దేశం ఈ పత్రికకు ఏ మాత్రం లేదు. పంపిన పేర్లలో నచ్చినవి ముందుకు, నచ్చనివి అటక మీదికి, ఇదే ఢిల్లీ సర్కారు పద్ధతి. ఇక ఇక్కడ? 2010 సెప్టెంబర్‌లో తెలంగాణ వకీళ్లు హైకోర్టు ఆవరణలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. ప్రభుత్వ న్యాయవాదుల కొలువుల్లో జనాభా దామాషాలో 42 శాతం మాకివ్వండని అడిగారు. హైకోర్టు దద్దరిల్లింది. ఆ డిమాండ్ వెనుక లెక్క స్పష్టం. ప్రభుత్వ న్యాయవాది అయితే రోజూ జడ్జీల కండ్ల ముందు ఉంటడు, రేపు జడ్జిగా పేరు పోతది. అందుకే ఆ కొలువు మొదటి మెట్టు. రాష్ట్రం వచ్చినంక ఆ మెట్టు మీద నూటికి నూరుమంది తెలంగాణోళ్లే నిలబడ్డారు. మరి వాళ్లను ఎట్ల ఎంచుతున్నారు? ఏ పార్టీ గద్దెనెక్కితే ఆ పార్టీ జెండా మోసినోళ్లు, మంత్రి చిట్టీ తెచ్చుకున్నోళ్లు. సర్కారు మారంగనే జాబితా మొత్తం మారుతది. 42 శాతం కోసం దీక్ష చేసినోళ్లలో ఎంతమందికి ఈ పద్ధతి మీద నోరు పెగులుతున్నది?

కింది మెట్టుకొద్దాం. చదువుకున్న పిల్లలకు అసలు తగిలేది ఇక్కడనే. మన జనం ఇప్పటికీ మున్సిఫ్ అని పిలుచుకునే జూనియర్ సివిల్ జడ్జి కొలువు హైకోర్టు పెట్టే పరీక్షతో వస్తది. ప్రిలిమ్స్, మెయిన్స్, వైవా. రాత పరీక్ష వరకు తాండూరు ప్రభుత్వ కాలేజీలో చదివిన బిడ్డ, పట్నం కార్పొరేట్ లా కాలేజీలో చదివిన బిడ్డ ఒకే కాగితం మీద పోటీ పడతారు. వైవా గదిలోకి పోయినంక ఇంటిపేరు, ఇంగ్లీషు యాస, తండ్రి కొలువు, అన్నీ టేబుల్ మీదికొస్తాయి. మార్కులు ఎట్ల వేశారన్నది ఆ గది గోడలకే ఎరుక.

కేరళలో జరిగింది చూడండి. 2017లో జిల్లా జడ్జీల ఎంపికలో వైవా మొత్తం అయిపోయినంక, వైవాలో కనీస మార్కులు రావాల్సిందేనని హైకోర్టు కొత్త గీత గీసింది. రాతలో ఎక్కువ మార్కులొచ్చినోళ్లు బయటపడ్డారు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 జూలైలో అది ఏకపక్షం, అన్యాయం అని తీర్పు చెప్పింది. చెప్పి, ఆరేళ్లు గడిచిపోయినయి కాబట్టి పోయినోళ్లకు కొలువివ్వలేమని, ఎక్కినోళ్లను దించలేమని కూడా చెప్పింది. గెలిచి ఓడటం అంటే ఇదే! ఆట మధ్యలో నిబంధనలు మార్చొద్దని 2024 నవంబర్ 7న మరో రాజ్యాంగ ధర్మాసనం ఖరారు చేసింది. అదీ ఒక హైకోర్టు నియామకాల కేసే. రాజస్థాన్ హైకోర్టులో అనువాదకుల కొలువులది. గ్రూప్ వన్ పేపర్ లీకైతే మనం సర్కారును నడిబజార్లో నిలబెట్టాం, సరైన పనే చేశాం. హైకోర్టులు పెట్టే పరీక్షల మీద అదే కన్ను ఎందుకు పెట్టం?

2025 మే 20న సుప్రీంకోర్టు ఇంకో నిబంధనను మళ్లా తెచ్చింది. మున్సిఫ్ కొలువుకు దరఖాస్తు పెట్టాలంటే మూడేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలె. అనుభవం లేని పిల్లలు బెంచీ మీద కూర్చుంటే కోర్టు ఆగమైతదన్న వాదనలో నిజం లేకపోలేదు. కోర్టు మెట్లెక్కనోడు సాక్షి కండ్లలో భయం ఎట్ల చదువుతడు? ఒప్పుకుంటాం. కానీ ఆ మూడేళ్లు ఎవరు బతుకనిస్తారు? నాపరాయి గనిలో పనిచేసే తండ్రికి పుట్టి లా చదివిన తాండూరు పిల్లగానికి సీనియర్ ఆఫీసులో జీతముంటదా? చాయ్ ఖర్చులు, బస్సు పాసు. పట్నం పోతే కిరాయి గది. ఆడపిల్లకైతే ఇంట్లో పెండ్లి గొడవ. పైగా మూడేళ్లు చేసినట్టు పదేళ్ల అనుభవమున్న వకీలు సర్టిఫికెట్ ఇవ్వాలె, దానిమీద న్యాయాధికారి ధ్రువీకరణ ఉండాలె. సీనియర్ మంచోడైతే మంచిదే. కానోడైతే ఆ కాగితం కోసం ఆ పిల్లగాడు ఎన్నేళ్లు సంచి మోయాలె? నిబంధన పెట్టినోళ్లు జూనియర్లకు నెలనెలా భత్యం కూడా పెట్టి ఉంటే మేం చప్పట్లు కొట్టేటోళ్లం. భత్యం లేకుండా అనుభవం అడగడమంటే, తాతల నుంచి వకీళ్లున్న ఇండ్లకు కంచె కట్టి ఇవ్వడమే.

బయటి లోకం ఎట్ల చేస్తున్నదో కొంచెం చూద్దాం. మనకు ఈ నల్లకోటు తొడిగిన ఇంగ్లండ్‌లోనే 2005 చట్టంతో జడ్జీల నియామకాల కమిషన్ పెట్టి 2006 నుంచి నడుపుతున్నారు. దాని అధ్యక్ష స్థానంలో జడ్జి కాదు, వకీలు కాదు, బయటి మనిషి కూర్చుంటారు. ఖాళీలకు ప్రకటన ఇస్తారు, దరఖాస్తులు తీసుకుంటారు. దక్షిణాఫ్రికాలో జడ్జి కాదలుచుకున్న మనిషిని కమిషన్ జనం చూస్తుండగా ప్రశ్నలడుగుతది. అక్కడా తప్పులున్నయి, రాజకీయాలున్నయి. కానీ తప్పు జరిగితే జనం కండ్ల ముందే జరుగుతది, పట్టుకోవచ్చు. ఇంగ్లండ్ వాడిచ్చిన కోటును ఎండాకాలంలో కూడా విడవని మనం, వాడు మార్చుకున్న పద్ధతిని మాత్రం తెచ్చుకోం.

ఢిల్లీలో రాజ్యాంగ సవరణ అయ్యేదాకా ఆగాల్సిన పనిలేదు. మన హైకోర్టు తలుచుకుంటే రేపే చేయగలిగినవి ఉన్నయి. జడ్జీల ఖాళీలు ఏర్పడంగనే 33 జిల్లాల బార్ అసోసియేషన్ల నుంచి, జిల్లా జడ్జీల నుంచి పేర్లు అడగొచ్చు. పరిశీలనకు ఏ గీటురాళ్లు వాడుతున్నారో ముందే చెప్పొచ్చు: ఎన్ని కేసులు వాదించారు, అందులో ఉచిత న్యాయ సహాయం ఎంత, తెలుగులో సాక్షిని ప్రశ్నించగలరా? మున్సిఫ్ పరీక్ష వైవాకు ఇంటిపేరు, కులం, కాలేజీ తెలియకుండా నంబరుతో పిలవొచ్చు. ప్రతి సభ్యుడు వేసిన మార్కులు వేరువేరుగా రాసి, ఫలితాల రోజే అభ్యర్థి చేతికివ్వొచ్చు. ప్రభుత్వ న్యాయవాదుల కొలువులకు నోటిఫికేషన్ వేయడం సర్కారు చేతిలోని పని. దానికి సుప్రీంకోర్టు అనుమతి కావాల్నా? తెలంగాణ తెచ్చినమని చెప్పుకునేటోళ్లూ, ఇచ్చినమని చెప్పుకునేటోళ్లూ ఈ ఒక్కదానికి జవాబు చెప్పాలె.

భాష సంగతి కూడా తేల్చాలె. తాండూరు కోర్టు వరండాలో తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడి నాలుగూ వినబడతాయి. లోపల తీర్పు ఇంగ్లీషులో వస్తది. గెలిచినోడు కూడా తాను ఎందుకు గెలిచిండో వకీలునడిగి తెలుసుకోవాలె. జడ్జిని ఎంచేటప్పుడు ఈ జనం మాట అర్థమైతదా అని చూడటం దయ కాదు, అర్హత పరీక్షలో భాగం.

వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ వకీళ్లకు మా మనవి ఒకటుంది. 2016లో కోర్టులు బంద్ పెట్టిన చేతులే మీవి. ఇప్పుడు బంద్ అక్కర్లేదు. నాలుగు బార్లు ఒక్కచోట కూర్చుని, పైన రాసినవాటిలో మీకు సమ్మతమైనవి తీసుకుని, కానివి కొట్టేసి, ఒక తీర్మానం తెలుగులో రాసి హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కు రిజిస్టర్ పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి. ముప్పయి రోజుల్లో జవాబు రాకపోతే ఆ రసీదు నంబరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తీర్మానం ప్రతి ఒకటి మాకు పంపితే మొదటి పేజీలో అచ్చేస్తాం. జవాబొస్తే దాన్నీ వేస్తాం, రాకపోతే ఎన్ని రోజులైందో వారం వారం వేస్తాం.